రాక్షసుడు మళ్లీ పుట్టి బడికొస్తే: ఏడిపించేవాళ్లను శిక్షించే యానిమేషన్ కథ తీయాలనుకునేవాళ్లకు

ఎనిమిదో తరగతిలో మా వెనక బెంచీలో ఒక అబ్బాయి కూర్చునేవాడు. అతనికి నత్తి. హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్' అనే మాట నోట్లోంచి రావడానికి అతనికి మూడు నాలుగు సెకన్లు పట్టేది. ఆ కాస్త సమయంలోనే ఇద్దరు అబ్బాయిలు పెదవులు బిగించి 'ప్ప్ప్ప్' అనేవాళ్లు. క్లాసంతా నవ్వేది. నేనూ నవ్వాను. ఏడాది మధ్యలో అతను బడి మానేశాడు. ఆ ఖాళీ చోట్లో మా బ్యాగులు పెట్టుకున్నాం.

చాలా ఏళ్ల తర్వాత, ఒక రాక్షసుడు స్కూలు పిల్లవాడిగా మళ్లీ పుట్టి, తోటివాళ్లను ఏడిపించేవాళ్లకు బుద్ధి చెప్పే కథ రాసుకున్నాను. ఇంట్లో కంప్యూటర్ మీద, పెద్ద టీమ్ ఏమీ లేకుండా, నాలుగేసి నిమిషాల ఎపిసోడ్లు ఆరు తీశాను. రెండేళ్లు పట్టింది. అందులో మొదటి ఏడు నెలల పని మొత్తం పక్కన పడేయాల్సి వచ్చింది. అదెందుకో ముందు చెబుతాను, ఎందుకంటే ఇలాంటి కథ తీయబోయే ప్రతి ఒక్కరికీ ఆ గుంత ఎదురవుతుంది.

మొదటి రెండు ఎపిసోడ్లు పూర్తయ్యాక మా అక్క కొడుక్కి చూపించాను. వాడికప్పుడు పదకొండేళ్లు. కరాళుడు అనే రాక్షసుడు కిరణ్ అనే కుర్రాడిగా పుట్టి, వంశీ అనే రౌడీ పిల్లవాడిని గాల్లోకి లేపి గోడకేసి కొట్టే సీన్ ఉంది. ఆ సీన్ నేను మూడు వారాలు గీశాను, నీడలూ దుమ్మూ విరిగిన కిటికీ అద్దాలతో సహా. వాడు చూసి, "పిన్నీ, అది మళ్లీ పెట్టవా" అన్నాడు. పెట్టాను. మళ్లీ పెట్టమన్నాడు. నాలుగోసారి చూస్తూ, వాళ్ల క్లాసులో ఎవరిని అలా కొట్టాలనుందో పేరు చెప్పాడు. శ్రీను గురించి, అంటే కథలో ఏడిపించబడే, నత్తి ఉన్న పిల్లవాడి గురించి, వాడు ఒక్క ముక్క కూడా అడగలేదు. శ్రీనుకి ఏమైందో వాడికి గుర్తే లేదు.

తప్పు వాడిది కాదు. కెమెరాను నేను ఎక్కడ పెట్టానో వాడు అక్కడే చూశాడు. శిక్షకు నలభై సెకన్లు, శ్రీనుకి ఆరు సెకన్లు ఇచ్చాను. ఆ రోజు నుంచి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: శిక్ష ఎంత సేపుంటే, శ్రీను ముఖం కనీసం అంత సేపు తెర మీద ఉండాలి. మీరు ఏ సాఫ్ట్‌వేర్ వాడినా, ఎలా గీసినా, ఈ లెక్క మాత్రం స్టోరీబోర్డు (షాట్ల వరసను ముందే చిన్న బొమ్మలుగా వేసుకునే కాగితం) దగ్గరే వేసుకోండి.

రాక్షసుడికి హద్దులు గీయడం

ఇలాంటి కథలు మనకు ఎక్కువగా జపాన్, కొరియాల నుంచి వస్తున్నాయి. జపాన్ వాళ్ల 'ఇసెకై' అనే రకంలో చాలాసార్లు మామూలు మనిషి చచ్చిపోయి వేరే లోకంలో పుడతాడు. ఆ మాటకు అర్థమే వేరే లోకం అని. మన కథ దానికి తలకిందులు. వేరే లోకపువాడు మన తరగతి గదిలో, మూడో బెంచీలో పుడతాడు. వాడికి లెక్కల హోంవర్క్ ఉంటుంది. ఈ రెండూ ఒక్కచోట పెట్టినప్పుడే కథకు ప్రాణం వస్తుంది కాబట్టి వాడి శక్తుల జాబితా రాసే ముందు వాడు ఏం చేయలేడో రాయండి.

పునర్జన్మ కథల్లో నాకు దారి చూపింది జయవిజయుల కథ. వైకుంఠ ద్వారపాలకులు శాపం పొంది, ఏడు జన్మలు భక్తులుగానా, మూడు జన్మలు శత్రువులుగానా అంటే మూడే ఎంచుకున్నారు. అలా హిరణ్యాక్ష హిరణ్యకశిపులై, రావణ కుంభకర్ణులై, శిశుపాల దంతవక్త్రులై పుట్టారు. అందులో నన్ను పట్టుకున్నది రాక్షసత్వం కాదు, గడువు. ఆ పుట్టుకకు ఒక కారణం, ఒక లెక్క, ఒక ముగింపు ఉన్నాయి. కరాళుడికి కూడా అలాంటిదే ఇచ్చాను: పోయిన జన్మలో బలహీనులను హింసించినందుకు, ఈ జన్మలో బలహీనుడి పక్కన కూర్చోవాలి. అంతే. ఎవరినీ శిక్షించమని వాడికి ఎవరూ చెప్పలేదు. శిక్షించాలన్న కోరిక పాత జన్మ నుంచి మిగిలిన అలవాటు.

దీనివల్ల కథకు కావాల్సిన బిగువు దానంతటదే వచ్చింది. వాడు ఎవరినైనా శిక్షించిన ప్రతిసారీ జుట్టు కింద కొమ్ము కాస్త పెరుగుతుంది. మొదటి ఎపిసోడ్‌లో జుట్టు కప్పేస్తుంది. మూడో ఎపిసోడ్‌కి టోపీ పెట్టుకుంటాడు. టీచర్ క్లాసులో టోపీ తీయమంటుంది. చూడండి, ఒక చిన్న కొమ్ముతో ఎంత టెన్షన్ పుట్టిందో. గీయడానికి కూడా అది రెండు గీతల పనే.

మీ రాక్షసుడికి కొమ్మే అక్కర్లేదు. నీడ పొడుగవ్వొచ్చు, గొంతు మారొచ్చు. కానీ వాడి శక్తికి వాడే ఏదో ఒకటి చెల్లించాలి. ఏమీ చెల్లించకుండా శిక్షలు వేస్తూ పోతే వాడు వంశీ కంటే పెద్ద వంశీ అవుతాడు, చూసే పిల్లలు ఆ పెద్ద వంశీని ప్రేమిస్తారు.

ఏడిపించడం అంటే ఏమిటో తెలిసి రాయండి

తెలుగులో మనకొక చిక్కు ఉంది. స్నేహితులు ఒకరినొకరు ఆటపట్టించుకోవడాన్నీ, ఒకణ్ని రోజూ వేధించడాన్నీ 'ఏడిపించడం' అనే అంటాం. 'ఊరికే ఏడిపిస్తున్నాం సార్' అని పిల్లలు తప్పించుకునేది కూడా ఆ మాటతోనే. అందుకే రాసేవాళ్లకు తేడా స్పష్టంగా తెలిసి ఉండాలి. నార్వేలో 1970ల నుంచి దీని మీద పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వియస్ మూడు గుర్తులు చెప్పాడు: కావాలని బాధపెట్టడం, అది మళ్లీ మళ్లీ జరగడం, ఇద్దరి మధ్య బలంలో తేడా ఉండటం. బలమంటే కండబలమే కాదు. పదిమంది వెంట ఉండటం, మాట చురుకు, డబ్బు, టీచర్ దగ్గర మంచి పేరు, ఇవన్నీ బలమే.

ఈ మూడూ తెర మీద కనిపించాలి. ఒక్క పెద్ద దెబ్బ చూపిస్తే అది కొట్లాట అవుతుంది. రోజూ జరిగే చిన్న పని చూపిస్తే అది వేధింపు అవుతుంది. నేను మొదటి ఎపిసోడ్‌లో ఒకే షాట్‌ను నాలుగుసార్లు వాడాను. శ్రీను బెంచీ దగ్గరికి వస్తాడు, వంశీ కాలు అడ్డం పెడతాడు, శ్రీను ఆగి, వంశీ కాలు తీసేదాకా నిలబడతాడు. రెండోసారి బోర్డు మీద తేదీ మారుతుంది. మూడోసారి మళ్లీ మారుతుంది. నాలుగోసారి వంశీ కాలు పెట్టడు, అసలు శ్రీను వైపే చూడడు, అయినా శ్రీను అక్కడ ఆగిపోతాడు. ఆ నాలుగో షాట్ కోసమే మొదటి మూడూ. ఖర్చు చూస్తే ఒక్క షాట్ గీసి నాలుగుసార్లు వాడుకోవడమే.

వంశీ మాటలు కూడా అరుపులుగా రాయకండి. నేను పెట్టిన డైలాగ్ ఇది: "రేయ్, నీ పేరు చెప్పరా. నిదానంగా చెప్పు, మాకేం తొందర లేదు." ఇందులో ఒక్క తిట్టు లేదు. టీచర్ వింటే మంచి పిల్లవాడు అనుకుంటుంది. నిజం బళ్లల్లో ఎక్కువ గాయం చేసేది ఇలాంటి మాటే.

చుట్టూ ఉన్నవాళ్లను మాత్రం వెనక వరసలో బొమ్మలుగా వదిలేయకండి. ఫిన్లాండ్‌లో క్రిస్టినా సాల్మివల్లి పరిశోధక బృందం 1996లో చెప్పిన విభజన ఈ పనికి అద్భుతంగా ఉపయోగపడుతుంది: ఏడిపించేవాడు, వాడికి సాయం చేసేవాడు, నవ్వి ఎగదోసేవాడు, పట్టించుకోనివాడు, అడ్డుపడేవాడు, బాధితుడు. ఈ ఆరు పాత్రలకు ఆరు ముఖాలు గీస్తే మీ తరగతి గది దాదాపు తయారైపోయినట్టే. నేను నవ్వేవాళ్లలో ఒక అమ్మాయిని పెట్టాను, మౌనిక. రెండు జడలు, వంశీ ముందు బెంచీ. ఆమె ఎవరో చదివేవాళ్లకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

కెనడాలో బడి మైదానాల్లో పిల్లల్ని వీడియో తీసి చేసిన ఒక పరిశోధన 2001లో వచ్చింది. వేధింపు జరిగిన సందర్భాల్లో 88 శాతం సార్లు తోటి పిల్లలు అక్కడే ఉన్నారు. 19 శాతం సార్లే ఎవరో ఒకరు కలగజేసుకున్నారు. అలా కలగజేసుకున్నప్పుడు 57 శాతం సార్లు పది సెకన్లలోపే అది ఆగిపోయింది. నేను ఈ అంకెలు కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అంటించుకున్నాను. సెకనుకు 24 ఫ్రేముల (తెర మీద వరసగా వచ్చే బొమ్మల) లెక్కన పది సెకన్లు అంటే యానిమేషన్‌లో 240 ఫ్రేములు. రాక్షసుడు చేయాల్సిన పని రెండు జడల అమ్మాయి 240 ఫ్రేముల్లో చేయగలదని తెలిశాక నా కథ నాలుగో ఎపిసోడ్ నుంచి వేరే దారి పట్టింది.

శిక్షను తయారుచేయడం

అందరూ ఎదురుచూసేది ఈ భాగం కోసమే. కాబట్టి కాస్త నిలబడి మాట్లాడుకుందాం.

గోడకేసి కొట్టడం తీసేశాక నాకు తట్టిన రెండో ఆలోచన, వంశీకి నత్తి తెప్పించడం. 'ఎవరు చేసింది వాళ్లకే' అన్న లెక్కలో బాగానే కనిపించింది. స్క్రిప్టు కూడా రాసేశాను. రాత్రి పడుకున్నాక వెనక బెంచీ అబ్బాయి గుర్తొచ్చాడు. అతను ఈ ఎపిసోడ్ చూస్తే? అతను చిన్నప్పటి నుంచి మోస్తున్నదాన్ని ఒక చెడ్డవాడికి శాపంగా వేస్తున్నాను. నత్తి అంటే శాపం అని నేనే చెప్పినట్టవుతుంది. పొద్దున లేచి కొట్టేశాను. బాధితుడి శరీరంలో ఉన్నదేదీ, నత్తి గానీ లావు గానీ రంగు గానీ కుంటి గానీ, ఎన్నటికీ శిక్ష కాకూడదు. ఈ తరహా కథల్లో ఎక్కువమంది జారేది ఇక్కడే.

మరి తప్పు చేసింది ఏమిటి? శ్రీను నోరు కాదు, వాళ్ల నవ్వు. కాబట్టి శిక్ష కూడా నవ్వే. మూడో ఎపిసోడ్‌లో కిరణ్ వంశీ భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు విన్నావు కదా అది. ఇంకాస్త విను" అంటాడు. ఆ క్షణం నుంచి వంశీ నోరు తెరిచినప్పుడల్లా వాడి చెవిలో క్లాసంతా నవ్వినట్టు వినిపిస్తుంది. ఇంట్లో అమ్మతో మాట్లాడినా, మైదానంలో బంతి పాస్ చేయమని అరిచినా అదే నవ్వు. తెర మీద ఎవరి నోరూ కదలదు. అందరూ మామూలుగా వాడి వైపు చూస్తుంటారు. నవ్వు సౌండ్ ట్రాక్‌లో మాత్రమే ఉంటుంది. రెండు రోజులకు వంశీ మాట్లాడటం మానేస్తాడు, అచ్చం శ్రీనులాగే.

పాత సీన్ మూడు వారాలు తింది, ఈ సీన్ నాలుగు రోజుల్లో అయిపోయింది. చూసినవాళ్లు మాత్రం దీన్నే గుర్తుపెట్టుకున్నారు.

మీ కథలో వేరే తప్పు ఉంటుంది. ఏడుస్తున్న పిల్లను ఫోన్లో వీడియో తీసి అందరికీ పంపినవాడు ఉన్నాడనుకోండి. వాడు ఏ తెర చూసినా, ఆ రోజు ఫోన్ వెనక నవ్విన తన ముఖమే కనిపించొచ్చు. పద్ధతి అర్థమైంది కదా: వాడు చేసిన పనిని విడదీసి చూడండి, అందులో వాడి వాటా ఏమిటో పట్టుకోండి, దాన్నే వాడికి తిరిగి ఇవ్వండి. రక్తం రాకూడదు. శిక్ష ఆగిపోవడానికి ఒక తలుపు ఉండాలి, ఆ తలుపు ఎక్కడుందో వాడే వెతుక్కోవాలి. వంశీ విషయంలో ఆ తలుపు, శ్రీను ఎదురుగా నిలబడి తను చేసింది చేసినట్టు చెప్పడం. 'సారీ రా' అంటే నవ్వు ఆగదు. "రోజూ హాజరప్పుడు నిన్ను వెక్కిరించింది నేనే. అందరూ నవ్వుతుంటే నాకు బాగుండేది" అన్నప్పుడు ఆగుతుంది. దానికి శ్రీను క్షమిస్తాడా లేదా అన్నది శ్రీను ఇష్టం. నా కథలో క్షమించడు. తల ఊపి వెళ్లి కూర్చుంటాడు. బాధితుడి చేత బలవంతంగా క్షమింపజేసే ముగింపులు నాకు నచ్చవు.

ఒక హెచ్చరిక. ఏడిపించబడిన పిల్లవాడు ప్రాణం తీసుకోవాలనుకునే మలుపు పెట్టాలనిపిస్తుంది, ఈ రకం కథల్లో అది మామూలైపోయింది. పెట్టాల్సి వస్తే ఎలా చేశాడో, ఎక్కడ చేశాడో చూపించకండి. అదొక పరిష్కారంలా, పగ తీర్చుకునే దారిలా అస్సలు కనిపించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమాలు, నాటకాలు తీసేవాళ్ల కోసమే ఒక మార్గదర్శిని విడుదల చేసింది, రాసే ముందు దాన్ని చదవండి. నేను ఆ మలుపు పెట్టలేదు. చూసేవాళ్లలో శ్రీనులు ఉంటారు.

బొమ్మల లెక్క

సెకనుకు 24 ఫ్రేములు. నాలుగు నిమిషాలంటే 240 సెకన్లు, 5,760 ఫ్రేములు. ఈ అంకె చూసి చాలామంది పెన్ను కింద పెట్టేస్తారు. అన్నీ గీయరు, ఎవ్వరూ గీయరు. ఒక బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే 2,880 అవుతాయి, మూడేసి నిలిపితే 1,920. జపాన్ బొమ్మల కథల రచయిత ఒసాము తెజుకా స్టూడియో 1963 జనవరిలో జపాన్ టీవీకి ప్రతి వారం అరగంట సీరియల్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఇలా బొమ్మలు తగ్గించే పద్ధతుల మీదే నిలబడింది: ముఖం నిలిపి పెదవులు మాత్రమే కదపడం, గీసిన బొమ్మనే మళ్లీ వాడటం, బొమ్మ కదలకుండా వెనక దృశ్యాన్ని జరపడం. మనం చేసేదీ అదే. నా ఒక్కో ఎపిసోడ్‌కి దాదాపు 700 బొమ్మలు సరిపోయాయి.

బడి కథకు ఇది వరం. తరగతి గదిలో పిల్లలు కూర్చునే ఉంటారు. నలభై మంది గది ఒక్కసారి గీసి, దాన్ని ఎనిమిది కోణాల్లో కత్తిరించుకున్నాను.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ ఆలోచించకండి. గీయడానికి క్రిటా, కదిలించడానికి బ్లెండర్‌లోని గ్రీజ్ పెన్సిల్ వాడాను, రెండూ ఉచితం. జపాన్ జిబ్లీ స్టూడియో వాడిన యానిమేషన్ సాఫ్ట్‌వేర్ టూంజ్‌ను ఓపెన్‌టూంజ్ పేరుతో 2016 నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. చేతికి ఏది అలవాటైతే అది.

పాత్రల రూపం దగ్గర ఒక పరీక్ష చేయండి. నలుగురినీ నల్లరంగుతో నింపేసి, నీడలుగా పక్కపక్కన పెట్టండి. ఎవరు ఎవరో పోల్చుకోగలిగితే సరే. అందరికీ ఒకే యూనిఫాం కాబట్టి ఈ కథలో ఇది మరీ అవసరం. వంశీ భుజాలు విప్పుకుని ఉంటాడు. శ్రీను బ్యాగు తాడు రెండు చేతులతో పట్టుకుని ఉంటాడు. కిరణ్ ఎప్పుడూ నిటారుగా, అవసరానికి మించి కదలకుండా ఉంటాడు. వెయ్యేళ్లు బతికినవాడు ఊరికే కాళ్లు ఊపడు.

కెమెరా ఎత్తు చాలా మాట్లాడుతుంది. కింది నుంచి చూస్తే మనిషి పెద్దగా, పై నుంచి చూస్తే చిన్నగా కనిపిస్తాడు. వంశీని మొదట్లో కింది నుంచి, శ్రీనుని పై నుంచి చూపించాను. కిరణ్‌ని మాత్రం ఆరు ఎపిసోడ్లలో ఒక్కసారి కూడా కింది నుంచి చూపించలేదు, శక్తి చూపించేటప్పుడు కూడా. వాడి కళ్ల ఎత్తులోనే కెమెరా. వాడిని దేవుణ్ని చేయకూడదని నా పట్టుదల.

ఇక మెరుపులు. రాక్షసుడి శక్తి అనగానే తెరంతా ఎరుపూ నీలమూ టకటకా మార్చాలనిపిస్తుంది. చేయకండి. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో ఒక పిల్లల సీరియల్ ఎపిసోడ్‌లో సెకనుకు దాదాపు 12 సార్లు ఎరుపు-నీలం వెలుగులు మారాయి. అది చూసి 685 మంది పిల్లల్ని ఆస్పత్రులకు తీసుకెళ్లాల్సి వచ్చింది. వెబ్ ప్రమాణాలు చెప్పే హద్దు సెకనుకు మూడు మెరుపులు. నేను ఒక్కటి కూడా పెట్టలేదు. కిరణ్ శక్తి వచ్చినప్పుడు గదిలోని రంగులన్నీ మెల్లగా వెలిసిపోయి, శ్రీను బ్యాగు పసుపు ఒక్కటే మిగులుతుంది. చూసేవాళ్ల కన్ను దానంతటదే శ్రీను దగ్గరికి వెళ్తుంది. నా నియమమూ నిలబడింది.

గొంతు ముందు, పెదవులు తర్వాత

మాటలు ముందు రికార్డ్ చేయండి, బొమ్మలు దాని మీద గీయండి. తలకిందులు చేస్తే ప్రతి డైలాగ్ డబ్బింగ్ సినిమాలా అతకదు. రికార్డింగుకి బీరువా తలుపు తెరిచి, బట్టల మధ్య తల పెట్టి మాట్లాడించాను. ప్రతిధ్వని ఉండదు. శ్రీను గొంతు మా అక్క కొడుకుదే. వాడే అడిగాడు, రెండోసారి రాసిన స్క్రిప్టు చదివాక.

తెలుగుకు ఆరు నోటి బొమ్మలు చాలు. ప, బ, భ, మ అన్నప్పుడు పెదవులు కలుస్తాయి. వ అన్నప్పుడు, 'ఫ్యాన్' లాంటి మాటల్లో ఫ అన్నప్పుడు, పై పళ్లు కింది పెదవిని తాకుతాయి. అ, ఆలకు నోరు తెరుచుకుంటుంది. ఇ, ఈ, ఎ, ఏలకు పక్కలకు సాగుతుంది. ఉ, ఊ, ఒ, ఓలకు గుండ్రమవుతుంది. మిగతా త, ద, న, ల, క లాంటివన్నిటికీ సగం తెరిచిన నోరు ఒక్కటే. అద్దం ముందు కూర్చుని మీ డైలాగ్ మీరే పలికి చూసుకోండి. ప్రతి అక్షరానికీ నోరు మార్చాలని చూడకండి, వణికినట్టు ఉంటుంది. పెదవులు కలిసే చోటు, బాగా తెరుచుకునే చోటు, ఈ రెండూ సరిగ్గా పడితే మధ్యలోవి ఎవరూ గమనించరు. రూబర్బ్ అనే ఉచిత పనిముట్టు ధ్వని విని నోటి బొమ్మల వరస ఇస్తుంది. తెలుగుకు దాన్ని చేత్తో దిద్దుకోవాలి.

నత్తి ఉన్న పాత్ర ఉంటే జాగ్రత్తగా వినండి. నత్తి అంటే మొదటి అక్షరం టపటపా పదిసార్లు రావడమే అనుకుంటాం, వెక్కిరించేవాళ్లు అలాగే చేస్తారు కాబట్టి. చాలాసార్లు అసలు ధ్వనే రాదు. పెదవులు కలిసి అక్కడే బిగుసుకుపోతాయి. 'ప్రెజెంట్' అనడానికి శ్రీను నోరు మూసుకున్న బొమ్మనే 72 ఫ్రేములు నిలిపాను, మూడు సెకన్లు. కదిలేవి కళ్లు మాత్రమే, అదీ రెండుసార్లు. యానిమేషన్‌లో ఏమీ కదపకుండా ఉండటమే ఎంత కష్టమో ఆ మూడు సెకన్ల దగ్గర తెలిసింది.

కిరణ్ భాష గురించి ఒక చిన్న కిటుకు. రాక్షసుడు కదా అని 'ఓరీ దురాత్మా' అనిపిస్తే అది పౌరాణిక నాటకం అయిపోతుంది. వాడు కూడా రేయ్, ఏంట్రా అనే మాట్లాడతాడు. కోపం పైకొచ్చినప్పుడు మాత్రం 'నువ్వు' బదులు 'నీవు' అంటాడు. అంతే. మూడో ఎపిసోడ్‌కల్లా ఆ 'నీవు' వినిపిస్తే చాలు, చూసేవాళ్లు కుర్చీలో సర్దుకుని కూర్చునేవాళ్లు.

శబ్దాలు ఇంట్లోనే దొరికాయి. పాత ఫ్యాన్ కిర్రుమనడం, బెంచీ జరిపినప్పటి గీత, సుద్దముక్క విరగడం. బోర్డు లేకపోతే నల్ల పలక మీద రాసి రికార్డ్ చేయండి. శిక్షకు ముందు భయం పుట్టించే సంగీతం పెట్టకండి. ఫ్యాన్ చప్పుడు ఆపేయండి. అంతసేపూ వినిపిస్తున్నది ఒక్కసారి ఆగిపోతే ఒళ్లు జలదరిస్తుంది.

చివరి ఎపిసోడ్‌కి వచ్చేసరికి

పెద్దవాళ్లను మొద్దులుగా రాయకండి. టీచర్‌కి ఏమీ తెలియదు, తల్లిదండ్రులు పట్టించుకోరు, దిక్కు రాక్షసుడే అంటే కథ తేలికవుతుంది. కానీ చూసే పిల్లవాడికి 'ఎవరికీ చెప్పి లాభం లేదు' అనే మాట మిగులుతుంది. నా కథలో టీచర్ ఆలస్యంగా గమనిస్తుంది, తప్పు ప్రశ్న వేస్తుంది, తర్వాత సరైన ప్రశ్న వేస్తుంది: క్లాసు ముందు కాకుండా, వరండాలో, శ్రీనుతో ఒంటరిగా. ఆ సీన్‌కి నలభై సెకన్లు ఇచ్చాను. గోడకేసి కొట్టే సీన్‌కి అప్పట్లో ఇచ్చినంత.

ఆరో ఎపిసోడ్‌లో కొత్తగా ఇంకొకడు శ్రీనుని వెక్కిరిస్తాడు. కిరణ్ లేవబోతాడు, టోపీ కింద కొమ్ము కదులుతుంది. వాడు లేచేలోపే మౌనిక వెనక్కి తిరిగి, "ఆపరా. వాడు చెప్తున్నాడు కదా" అంటుంది. గట్టిగా కూడా కాదు. కిరణ్ మెల్లగా కూర్చుంటాడు. టోపీ తీసి బెంచీ మీద పెడతాడు. కొమ్ము ఉందా లేదా నేను చూపించలేదు, కెమెరా అప్పటికే శ్రీను మీద ఉంది.

మౌనిక డైలాగ్ నేనే చెప్పాను. పదహారు టేకులు పట్టింది.

పూర్తయ్యాక పిల్లలకు చూపించేటప్పుడు పక్కన కూర్చోండి. 'ఏం నేర్చుకున్నావు' అని అడగకండి, పాఠం అప్పజెప్పినట్టు చెబుతారు. 'ఈ క్లాసులో నువ్వు ఏ బెంచీలో కూర్చున్నావు' అని అడగండి. నేనడిగితే మా అక్క కొడుకు చాలాసేపు తెర వైపే చూసి, "మౌనిక పక్కన, పిన్నీ" అన్నాడు. ఎవరైనా పిల్లవాడు శ్రీను బెంచీ చూపిస్తే ఇక కథ గురించి మాట్లాడకండి, వాడు చెప్పేది వినండి.

ఆఖరి షాట్ హాజరు. టీచర్ శ్రీను పేరు పిలుస్తుంది. పెదవులు కలుస్తాయి, 72 ఫ్రేములు. ఎవరూ నవ్వరు. ఫ్యాన్ తిరుగుతుంటుంది. ఎవరో పెన్ను మూత పెట్టుకుంటారు. 'ప్రెజెంట్' అంటాడు. టీచర్ తర్వాతి పేరు పిలుస్తుంది. ఎడిటింగ్‌లో ఆ మూడు సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, చూసినవాళ్లు కూడా కాస్త తగ్గించమంటారు. ఒక్క ఫ్రేము కూడా తగ్గించకండి.